ఆర్‌ఎక్స్ 100 ముందు షాకబ్జర్లు: బ్రేకు వేస్తే దిగబడుతోంది, గతుకొస్తే చేతులు జివ్వుమంటున్నాయి

తెనాలి టూస్ట్రోక్
అందరికీ నమస్కారం. మా నాన్న 1995లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజన్ పని అయిపోయింది, బోరు చేయించాను, ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతోంది. బాధంతా ముందు చక్రం దగ్గరే. బ్రేకు పట్టుకుంటే ముందు భాగం ఒక్కసారిగా కిందికి దిగబడుతోంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు లోపల ఠక్కుమని ఇనుముకు ఇనుము కొట్టుకున్న చప్పుడు. పోనీ మెత్తగానైనా ఉందా అంటే అదీ లేదు. ఫ్లైఓవర్ జాయింట్ల మీద, కంకర తేలిన చోట మణికట్టు దాకా జివ్వుమంటోంది.

రెండు నెలల కిందట ఒక మెకానిక్ దగ్గర ఆయిల్ సీళ్ళు మార్పించాను. "గట్టిగా ఉంటుంది" అని 20డబ్ల్యూ40 ఇంజనాయిల్ పోశాడు. కొలతా పాడూ లేదు, ఇంత అటు, ఇంత ఇటు. ఇప్పుడు కుడి పక్క మళ్ళీ తడి కనిపిస్తోంది. ఇంకా చిక్కటి ఆయిల్ పొయ్యాలా, స్ప్రింగులు మార్చాలా? ఈ ఫోర్కుకి (అదే, ముందు షాకబ్జర్ల జతకి) బయట తిప్పడానికి ఒక్క మర కూడా లేదు కదా, మరి జనం "ఫోర్క్ ఎడ్జస్ట్ చేశాం" అంటే ఏం చేసినట్టు?

స్పానర్ 10-11
ఇంజనాయిల్‌కి ఏమైంది బ్రదర్? ఇరవై ఏళ్ళుగా వర్క్‌షాప్‌లో అదే పోస్తున్నా. ఒక్క కస్టమర్ కూడా తిరిగి రాలేదు. మీకు స్ప్రింగులు పోయాయి. జత కొత్తవి వేసెయ్యండి, అయిపోతుంది.

ఓరుగల్లు రైడర్
కస్టమర్ తిరిగి రాలేదంటే బాగుందనా, ఇంకో షాపుకి పోయిండనా అన్నా? 😀 ఊరికే అన్న, కోపం వద్దు.

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
తమ్ముడూ, షాకబ్జర్ జోలికి వెళ్ళేముందు ఒక పావుగంట వేరే చోట్ల చూడు. ముందు టైరులో గాలి ఎంతుంది? రాయిలా కొట్టించుకుంటే చేతులు జివ్వుమనకేం చేస్తాయి. తర్వాత బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క ముక్క పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపు. రెండు బాటమ్‌లూ (ఫోర్కు కింది గొట్టాలు) పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. కటకటమంటే అది ఫోర్కు కాదు, హ్యాండిల్ కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు. హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పు. మధ్యలో ఎక్కడైనా గంటు పడినట్టు ఆగిందంటే దాని రేసులు (గుండ్లు తిరిగే గాడులు) అరిగిపోయాయి. వాటిని వదిలేసి లోపల ఎంత మంచి ఆయిల్ పోసినా దండగ.

ఇవన్నీ బాగుంటేనే ఫోర్కు. నీ రెండు ఫిర్యాదులూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తున్నాయి గానీ, రెండింటికీ మూలం ఒకటే కావచ్చు.

ఈ పాత ఫోర్కుల్లో డాంపింగ్ (ఊపుని అదిమే ఏర్పాటు) అంటే ఏమీ లేదు, ఒక రాడ్డుకి నాలుగు బెజ్జాలు. అంతే. ఫోర్కు నొక్కుకుంటే ఆయిల్ ఆ బెజ్జాల్లోంచి దూరి పోవాలి. సూదిమందు సిరంజిలో నీళ్ళు పోసి మెల్లగా నొక్కి చూడు, పిచికారీ సుఖంగా వస్తుంది. ఒక్కసారిగా బలంగా నొక్కు, బొటనవేలు నొప్పెడుతుంది తప్ప పిస్టన్ కదలదు. వేగం రెట్టింపైతే ఎదురు సుమారు నాలుగింతలవుతుంది. ఇప్పుడు నీ బండి సంగతి చూడు. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు దిగేది మెల్లగానే, కాబట్టి ఆయిల్ దాన్ని పెద్దగా ఆపదు. ఆపాల్సింది స్ప్రింగు. ఫ్లైఓవర్ జాయింటు తగిలినప్పుడు ఫోర్కు కదలాల్సింది చాలా వేగంగా. అప్పుడు చిక్కటి ఆయిల్ బెజ్జాల్లో ఇరుక్కుంటుంది, దెబ్బ నేరుగా నీ చేతికొస్తుంది. స్ప్రింగు చెయ్యాల్సిన పనిని ఆయిల్‌తో చేయించబోతే ఇలాగే రెండు పక్కలా నష్టం.

స్పానర్ 10-11
బాబాయ్ గారూ, సిరంజి సంగతి ఒప్పుకుంటా. కానీ ఫోర్క్ ఆయిల్‌లో కూడా 20 నంబర్ ఉంది కదా. ఇంజనాయిల్ 20, అదీ 20. తేడా ఏంటి?

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
అక్కడే అందరం బోల్తా పడేది. ఆ రెండు ఇరవైలూ ఒకే కొలబద్ద మీదివి కావు. ఇంజనాయిల్ డబ్బా మీది నంబర్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది, వంద డిగ్రీల దగ్గర ఎలా ఉంటుంది అని చెప్పేవి. ఫోర్కు ఎప్పుడూ వంద డిగ్రీలకు వేడెక్కదు. మన ఎండల్లో నలభై దగ్గర పని చేస్తుంది. నలభై డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ40 ఇంజనాయిల్, మామూలు 10 నంబర్ ఫోర్క్ ఆయిల్ కంటే మూడు నాలుగింతలు చిక్కగా ఉంటుంది. పైగా ఫోర్క్ ఆయిల్‌లోనే కంపెనీకీ కంపెనీకీ 10 నంబర్ ఒకటి కాదు. డబ్బా వెనకాల 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) అని రాసి ఉంటే ఆ అంకె చూసి కొనుక్కోవడమే నయం. ఒక కంపెనీది మొదలుపెడితే దాన్నే కొనసాగించు.

కాకినాడ కెరటం
సీలు తడి సంగతి నేను చెప్తా. రెండు నెలలకే కారిందంటే సీలు తప్పు కాకపోవచ్చు. దుమ్ము గొడుగు (సీలు మీదుండే రబ్బరు తొడుగు) పైకి జరిపి పైపు మీద గోరుతో గీసి చూడండి, పైనుంచి కింది దాకా, నాలుగు పక్కలా. మా ఊళ్ళో సముద్రపు గాలికి క్రోమ్ మీద ఆవగింజంత తుప్పు గుంటలు పడతాయి. కంటికి ఆనవు, గోటికి తగులుతాయి. ఆ గుంట అంచు ప్రతిసారీ సీలు పెదవిని రంపంలా కోస్తుంది. నేను మూడు జతల సీళ్ళు తగలేశాక గానీ తెలుసుకోలేదు. చివరికి పైపులకు హార్డ్ క్రోమ్ చేయించాను.

గుంటలు లేకపోతే సంతోషం. అప్పుడు ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే వేలెడంత ముక్క కత్తిరించి, చివర చిన్న కొక్కెంలా చేసి, సీలుకీ పైపుకీ మధ్య దూర్చి చుట్టూ తిప్పండి. ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటే దాంతో పాటు బయటికొచ్చేస్తుంది. చాలా లీకులు దీంతోనే ఆగుతాయి.

తెనాలి టూస్ట్రోక్
ధన్యవాదాలు బాబాయ్, కెరటం గారూ. ఇవాళ ఆదివారం కాబట్టి కూర్చున్నా. గాలి సరిగ్గానే ఉంది. కోన్‌సెట్ కటకట లేదు, గంటు లేదు. కుడి పైపు గోటికి ఎక్కడా తగల్లేదు. మా అమ్మ మోకాలి ఎక్స్‌రే (పాతదే, అడిగే తీసుకున్నా) కత్తిరించి తిప్పితే నల్లటి మడ్డితో పాటు రెండు ఇసుక రేణువులు వచ్చాయి. తుడిచి ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చా, పొడిగానే ఉంది.

ఇప్పుడు స్ప్రింగు పోయిందో లేదో కొత్తది కొనకుండా ఎలా తెలుస్తుంది?

ఓరుగల్లు రైడర్
కొలువు అన్నా. రూపాయి ఖర్చు లేదు. పైపుకి ఒక వైరింగ్ ట్యాగు బిగించు, లేకపోతే టేపుతో కొలిచినా మంచిదే. చక్రం గాలిలో ఉన్నప్పుడు దుమ్ము గొడుగు నుంచి పై టీ (ఫోర్కు పైపుల్ని పట్టి ఉంచే దిమ్మ) దాకా ఎంతుందో రాసుకో. తర్వాత బండి నేల మీద పెట్టి, నువ్వు హెల్మెట్‌తో సహా ఎక్కి కూర్చుని, కాళ్ళు ఫుట్ రెస్టుల మీద పెట్టు. ఎవరైనా వెనక నుంచి పట్టుకోవాలె. మళ్ళీ కొలువు. రెండింటి తేడానే కుంగు. రోడ్డు బండికి మొత్తం నడకలో (ఫోర్కు పైనుంచి కింది దాకా కదిలే దూరంలో) పావు నుంచి మూడో వంతు దాకా కుంగితే సరి.

ఒక కిటుకుంది. పాత ఫోర్కులో రాపిడి వల్ల ప్రతిసారి వేరే అంకె వస్తది. ఒకసారి ముందు భాగం కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలువు, ఇంకోసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలువు. మధ్యలోది తీసుకో. రెండింటికీ మధ్య మరీ ఎక్కువ తేడా ఉందంటే ఫోర్కు ఎక్కడో పట్టేస్తున్నట్టు.

కాస్టైరన్ బుల్లెట్
కుంగు తగ్గించాలంటే పైపుల్ని టీలో కొంచెం పైకో కిందికో జరిపితే పోదా? యూట్యూబ్‌లో అలాగే చేస్తున్నారు.

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
అది వేరే ఎడ్జస్ట్‌మెంటు. పైపులు పైకి జరిపితే బండి ముందు భాగం నేలకి దగ్గరవుతుంది, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. ఫోర్కు లోపల కుంగు అలాగే ఉంటుంది. పైగా జరిపాక చక్రం పూర్తిగా నొక్కుకుంటే మడ్‌గార్డు దేనికైనా తగులుతుందేమో చూసుకోవాలి. మీ పాత బుల్లెట్‌కి ఆ అవకాశమే లేదు, హెడ్‌లైట్ గూడులోకి పైపుకి మరలు కోసి బిగించేశారు. జరపడానికి చోటెక్కడ?

కాస్టైరన్ బుల్లెట్
అయ్యో అవును. విప్పినప్పుడు చూశా, మర్చిపోయా.

హ్యూస్టన్ తెలుగోడు
నాది 1981 గోల్డ్ వింగ్, జీఎల్1100. హోండా వాళ్ళు అప్పట్లో ముందు ఫోర్కులో గాలి నింపే ఏర్పాటు పెట్టారు. స్ప్రింగు ఓడిపోతే గాలి కొట్టడమే. వినడానికి హాయిగా ఉంటుంది గానీ లోపల చోటు గ్లాసెడు కూడా ఉండదు. కొన్న కొత్తలో పెట్రోల్ బంకు కంప్రెసర్ పైపు ఆనించాను. రెండు సెకన్లు. సీళ్ళు పుచ్చకాయ పగిలినట్టు పగిలాయి. చిన్న చేతి పంపుతోనే కొట్టాలని అప్పుడు తెలిసింది. టూస్ట్రోక్ గారూ, మీ ఫోర్కుకి గాలి వాల్వు లేకపోయినా లోపల గాలి ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. బాబాయ్ చెప్తారు.

తెనాలి టూస్ట్రోక్
కొలిచాను. తమ్ముడు బండి పట్టుకున్నాడు, మా ఆవిడ టేపు పట్టుకుంది, వీధిలో వాళ్ళు నిలబడి చూశారు. నేను ఎక్కి కూర్చుంటే ఒకసారి 50, ఒకసారి 46 మిల్లీమీటర్లు. అంటే 48. స్ప్రింగులు తీశాక పైకీ కిందికీ జరిపి చూస్తే మొత్తం నడక దాదాపు 110. దాదాపు సగం దూరం నేను కూర్చోగానే అయిపోతోంది!

ఆయిల్ సంగతి: ఎడమ పక్క నుంచి వచ్చిందానికీ కుడి పక్క నుంచి వచ్చిందానికీ టీ కప్పు మూడో వంతు తేడా. రంగు వెండి పూత డబ్బాలా మెరుస్తోంది. అడుగున బూడిదరంగు మడ్డి.

స్ప్రింగులు పక్క పక్కన నిలబెడితే ఒకటి 360, ఇంకోటి 357. ఇది చెడినట్టా?

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
మూడు మిల్లీమీటర్ల తేడాకి స్ప్రింగు పారేయక్కర్లేదు. కంపెనీ కొత్త స్ప్రింగు దొరికితే జత మార్చు. డూప్లికేట్ అయితే నీ పాతదే నయం, కనీసం దాని గుణం నీకు తెలుసు.

నీకు కావాల్సింది స్పేసర్. స్ప్రింగు పైన, మూత కింద పెట్టే గొట్టం ముక్క. 15 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే కుంగు దగ్గర దగ్గర అంతే తగ్గుతుంది, 33 వస్తుంది. మూడో వంతు లోపలికి వచ్చినట్టే. పొట్టి స్ప్రింగు పక్క 18 పెట్టు, రెండూ సమానమవుతాయి. ఇక్కడొక భ్రమ పోగొట్టాలి. స్పేసర్ వల్ల స్ప్రింగు గట్టిపడదు. స్ప్రింగు బలం తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య బట్టి ఉంటుంది. స్పేసర్ బండిని పైకి లేపుతుంది అంతే. కానీ నీకు కావాల్సింది అదే, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు దిగడానికి కింద ఎక్కువ చోటు మిగులుతుంది.

కొయ్యకముందు లెక్క ఒకటి వెయ్యి. స్ప్రింగు చుట్లు ఎన్ని, తీగ మందం ఎంత? రెండూ గుణిస్తే అది పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు. ఆ తర్వాత ఇంక ముడవదు. ఆ పరిస్థితి రోడ్డు మీద వస్తే స్పేసరే నీ ఫోర్కుని విరగ్గొడుతుంది.

తెనాలి టూస్ట్రోక్
52 చుట్లు, వెర్నియర్‌తో తీగ 4 మి.మీ. అంటే 208. 360లోంచి 208 పోతే 152 ముడవచ్చు. ఫోర్కు నడక 110. మూత పెట్టకముందు స్ప్రింగు పైపు అంచు పైకి వచ్చిందాన్ని బట్టి చూస్తే మూత ముందే 20 నొక్కుతోంది. స్పేసర్ 15. మొత్తం 145. ఏడు మిగిలింది.

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
శభాష్. ఏడు చాలు. ఇంకో 10 పెడదామన్న ఆశ మాత్రం పుట్టనివ్వకు.

స్పానర్ 10-11
స్పేసర్‌కి పీవీసీ పైపు ముక్క చాలు బాబాయ్, లేత్ ఖర్చెందుకు? మందం పైపు, అంచులు నున్నగా ఆకురాయి పట్టి, కింద వాషర్ వేస్తే స్ప్రింగు దాన్ని కొరకదు. ఇది మేం చేస్తాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇంకోటి, మూత తీసేటప్పుడు జాగ్రత్త. కొన్ని బళ్ళలో మర ఉన్న బోల్టు, కొన్నింట్లో మూత నొక్కి పట్టుకుని తీగ రింగు తియ్యాలి. ఏదైనా సరే, చక్రం గాలిలో ఉండాలి, మొహం పైన పెట్టొద్దు. మా కుర్రాడికి పై పెదవి మీద మూడు కుట్లు పడ్డాయి. టీ బోల్టు వదులు చెయ్యకుండా మూత తిప్పితే మరలు పోతాయి.

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
ఇది నూటికి నూరు పాళ్ళు నిజం. పీవీసీకి నాకూ అభ్యంతరం లేదు.

ఇంక ఆయిల్. పాత ఆయిల్ వంపాక కిరోసిన్ కొంచెం పోసి పదిసార్లు పైకీ కిందికీ ఆడించి వంపెయ్యి, రాత్రంతా బోర్లా పెట్టు. 10 నంబర్ ఫోర్క్ ఆయిల్ తెచ్చుకో. మాన్యువల్‌లో చెప్పినన్ని మిల్లీలీటర్లు పోసి, స్ప్రింగు లేకుండా, మెల్లగా ఆడించి గాలి బుడగలు పోగొట్టు. ఫోర్కుని పూర్తిగా కిందికి దించేసి, పైపు అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో రెండు పక్కలా కొలువు. అసలు కొలత ఆ లోతే. లోపల ఎంత పాత ఆయిల్ మిగిలిపోయిందో ఎవరికి తెలుసు?

హ్యూస్టన్ అబ్బాయి చెప్పిన గాలి ఇదే. ఆయిల్ పైన మిగిలిన చోటులో గాలి చిక్కుకుంటుంది. ఫోర్కు చివరి మూడో వంతులోకి దిగేసరికి ఆ గాలి నలిగి రెండో స్ప్రింగులా పని చేస్తుంది. ఆయిల్ మట్టం పెంచితే గాలి చోటు తగ్గి, అడుగు దగ్గర గట్టిపడుతుంది. మొదట్లో ఏమీ తేడా తెలియదు. ఠక్కుమనే చప్పుడుకి అసలు మందు అది. కానీ ఒకసారి ఒక్కటే మార్చు. స్పేసర్, ఆయిల్ నంబర్, మట్టం మూడూ ఒకేరోజు మార్చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

ఓరుగల్లు రైడర్
మట్టం సరిచేసే సులువు: పెద్ద సిరంజికి సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడుగు. గొట్టం మీద కావల్సిన లోతు దగ్గర ట్యాగు బిగించు. ట్యాగు పైపు అంచు మీద ఆనేలా పెట్టి పీల్చు. ఎక్కువున్న ఆయిల్ వచ్చేస్తది, గాలి పీల్చుకునే గురగుర వినపడగానే ఆపు. రెండు పక్కలా వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తది.

తెనాలి టూస్ట్రోక్
పది రోజుల తర్వాత రిపోర్టు. ఆలస్యానికి క్షమించాలి, ఫోర్క్ ఆయిల్ విజయవాడ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది.

మొదట స్పేసర్, ఆయిల్ మాత్రమే. (బాబాయ్, తెలుసు, ఒకటే మార్చమన్నారు. కానీ పాత ఆయిల్ తిరిగి పోసే ధైర్యం లేకపోయింది.) చెప్పినన్ని మిల్లీలీటర్లు పోస్తే ఒక పక్క లోతు 152, ఇంకో పక్క 158 వచ్చింది. సిరంజితో రెండూ 158కి తెచ్చా. కుంగు 34. జాయింట్ల మీద జివ్వుమనడం పోయింది, నిజంగా పోయింది. బ్రేకుకి ఇంకా దిగుతోంది గానీ మర్యాదగా దిగుతోంది. ఠక్కు మాత్రం రైల్వే గేటు దగ్గరున్న పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద ఇంకా వినపడింది.

రెండో వారం ఒక్కో పక్కా 5 మిల్లీలీటర్లు కలిపా. లోతు సుమారు 147కి వచ్చింది. అదే బ్రేకర్, అదే స్పీడు, వెనక తమ్ముడితో సహా. ఠక్కు లేదు.

ఇంకోటి తెలుసుకున్నా. మొదట చక్రం బిగించాక ఫోర్కు పట్టేసినట్టు ఉంది, నొక్కి వదిలితే పూర్తిగా పైకి రావట్లేదు. యాక్సిల్ నట్టు కొంచెం వదులు చేసి, బండి దించి, ముందు బ్రేకు పట్టుకుని పదిసార్లు నొక్కి, అప్పుడు బిగించా. పట్టు వదిలేసింది.

స్పానర్ 10-11
సరే, ఒప్పుకున్నా. నిన్న నా సొంత బండికి 10 నంబర్ పోసుకున్నా. కస్టమర్లకి ఇంకా చెప్పలేదు, వాళ్ళకి ధర చెప్తే పారిపోతారు.

తెనాలి టూస్ట్రోక్
ఒకే ఒక్క ఫిర్యాదు మిగిలింది. నాన్న నిన్న సాయంత్రం బండి తీసుకుని కాలవ గట్టు దాకా వెళ్ళొచ్చారు. దిగుతూనే, "బండి ఎత్తు పెంచావేంట్రా, ఎదురొచ్చే ప్రతివాడూ నాకు లైటు కొట్టి తిడుతున్నాడు" అన్నారు.

లేత్ బాబాయ్ (రాజమండ్రి)
ఆయన చెప్పిందే కరెక్టు. ముందు భాగం 14 మిల్లీమీటర్లు లేచింది కదా, హెడ్‌లైటు ఆకాశంలోకి చూస్తోంది. గోడకి పది అడుగుల దూరంలో బండి నిలబెట్టి, ఎవరినైనా ఎక్కించి, లైటు ఒక నొక్కు కిందికి దించు.

తెనాలి టూస్ట్రోక్
దించాను. ఎక్కించింది నాన్ననే. "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ పావుగంట దిగలేదు.